ఎర్రగీత పనితనం

1996 జనవరిలో బోస్టన్‌లో ఐస్ హాకీ ఆల్‌స్టార్ పోటీలు జరిగాయి. ఆ పోటీల్లో జనం ఎదురుచూసే పందెం ఒకటి ఉంటుంది. రింకు చుట్టూ ఒక్క చుట్టు, గడియారంతో పోటీ. మైక్ గార్ట్‌నర్ ఆ చుట్టును 13.386 సెకన్లలో ముగించాడు. అప్పటికే అతనికి 36 ఏళ్లు. ఆ లెక్క ఇరవై ఏళ్లు నిలిచింది. 2016లో డిలన్ లార్కిన్ 13.172 సెకన్లలో తిరిగాడు గానీ, ఆ ఏడాది ఆటగాళ్లను ఊపులో ఉండగానే గీత దాటి పందెం మొదలుపెట్టనిచ్చారు. నిలబడ్డచోటు నుంచి మొదలుపెట్టి గార్ట్‌నర్‌ను దాటినవాడు కానర్ మెక్‌డేవిడ్. 2017లో, లాస్ ఏంజెలెస్‌లో, ఇరవై ఏళ్ల వయసులో, 13.310 సెకన్లలో.

రెండు తరాల మెరుపుల మధ్య తేడా 0.076 సెకను. రెప్పపాటుకన్నా తక్కువ.

ఇప్పుడు 1990ల నడుమ ఆడిన మ్యాచ్ ఒకటి, 2017 నాటిది ఒకటి వరసగా పెట్టుకుని చూడండి. పాత ఆటలో పక్ అనే రబ్బరు బిళ్లను తీసుకుని బయల్దేరినవాడు పది గజాలు వెళ్లేలోపు ఎవరిదో స్టిక్ కొన అతని మోచేతి మడతలో దూరుతుంది. ఇంకొకడు భుజం మీద చెయ్యేసి వేలాడతాడు. దమ్ము చేసిన మళ్లో కాళ్లీడ్చుకుంటూ నడిచినట్టు ఉంటుంది అతని పరుగు. కొత్త ఆటలో డిఫెండర్ తన గోలు పక్కనుంచి తల ఎత్తి చూసి ఒక్క పాసు కొడితే, పక్ అవతలి నీలిగీత దగ్గర తనవాడి స్టిక్ మీద వాలుతుంది. అతను అప్పటికే పూర్తి వేగంలో ఉంటాడు. కాళ్లలో వచ్చిన మార్పు రెప్పపాటైనా లేదు, ఆట మాత్రం గుర్తుపట్టలేనంత మారింది. స్కేట్లు తేలికయ్యాయి, శిక్షణ మెరుగైంది, నిజమే. కానీ ఆ వేగంలో పెద్ద వాటా నిబంధనల పుస్తకానిదే. వందేళ్లుగా ఆ పుస్తకాన్ని కొంచెం కొంచెంగా చిత్రిక పట్టినవాళ్ల చేతిపని చూసినకొద్దీ నాకు గౌరవం పెరుగుతోంది.

ముందు మైదానం సంగతి. అమెరికా, కెనడా జట్లు ఆడే నేషనల్ హాకీ లీగ్, అంటే ఎన్‌హెచ్‌ఎల్, 1917లో పుట్టింది. రింకు 200 అడుగుల పొడవు, 85 అడుగుల వెడల్పు. ఒక్కో జట్టుకు గోల్‌కీపర్ కాక అయిదుగురు. పక్ అంటే మూడంగుళాల వ్యాసం, అంగుళం మందం ఉన్న గట్టి రబ్బరు బిళ్ల. మంచు మీద మరీ ఎగరకుండా జారాలని ఆటకు ముందు దాన్ని గడ్డకట్టిస్తారు. రింకును అడ్డంగా కోస్తూ అయిదు గీతలుంటాయి: రెండు చివర్లా గోల్‌లైన్లు, మధ్యలో రెండు నీలిగీతలు, ఆ రెంటి నడుమ ఒక ఎర్రగీత. చెడుగుడు ఆడినవాళ్లకు గీత విలువ చెప్పక్కర్లేదు. ఒక అంగుళం ఇటా అటా అన్నదే అక్కడ బతుకూ చావూ. ఐస్ హాకీలోనూ అంతే. కాకపోతే ఇక్కడ ఆ గీతల్నీ, గీత దాటితే ఏమవుతుందన్న షరతుల్నీ అవసరాన్నిబట్టి మారుస్తూ వచ్చారు.

తొలినాళ్లలో పక్‌ను ముందుకు పాస్ చేయడమే నేరం. రగ్బీలోలాగా పక్కకో వెనక్కో ఇవ్వాలి. ముందుకు పోవాలంటే పక్ ఉన్నవాడే మోసుకుపోవాలి. కెనడా పశ్చిమ తీరంలో సొంత లీగ్ నడిపిన లెస్టర్, ఫ్రాంక్ పాట్రిక్ అన్నదమ్ములు 1910లలోనే నీలిగీతలు గీసి, వాటి మధ్య ముందుకు పాస్ చేయనిచ్చారు. ఎన్‌హెచ్‌ఎల్ దాన్ని 1918లో అందుకుంది. మిగతా భాగాల్లో ఒప్పుకోవడానికి చాలా ఏళ్లు తటపటాయించింది. ఈలోగా గోల్స్ ఎండిపోయాయి. 1928-29 సీజన్‌లో మాంట్రియల్ గోల్‌కీపర్ జార్జ్ హేన్స్‌వర్త్ 44 మ్యాచ్‌లు ఆడితే, 22 మ్యాచ్‌ల్లో ఒక్క గోలూ ఇవ్వలేదు. ఆ తర్వాతి సీజన్‌లో లీగ్ తలుపులు బార్లా తెరిచింది. రింకు మూడు భాగాల్లోనూ ముందుకు పాస్ చేయొచ్చంది. మ్యాచ్‌కు మూడు కూడా పడని గోల్స్ ఒక్కసారిగా రెట్టింపయ్యాయి.

అసలు నేర్పు ఆ తలుపు తెరవడంలో కంటే, రెండు నెలల్లో చేసిన దిద్దుబాటులో ఉంది. పాస్‌కు అడ్డు లేకపోవడంతో ఆటగాళ్లు అవతలి గోలు ముందు ముందే వెళ్లి నిలబడి, పక్ వస్తే తోసేయడం మొదలుపెట్టారు. ఆ డిసెంబరులోనే, సీజన్ నడుస్తుండగా, ఒక్క వాక్యం చేర్చారు: పక్ కంటే ముందు ఏ ఆటగాడూ ప్రత్యర్థి నీలిగీత దాటి లోపలికి పోకూడదు. కాపు కాసేవాడికి చోటు పోయింది, పరుగెత్తేవాడికి చోటు మిగిలింది. దాదాపు వందేళ్ల తర్వాత కూడా ఆఫ్‌సైడ్‌కు అదే ప్రాణం.

ఇక ఎర్రగీత. అది 1943లో పుట్టింది. అంతకుముందు రింకులో రెండు నీలిగీతలే కీలకం. ఎవరి భాగంలో ఉన్నవాళ్లు ఆ భాగంలోనే పాస్ చేసుకోవాలి, తమ నీలిగీత దాటించి పాస్ ఇవ్వకూడదు. శిక్షకులు దీంట్లో కిటుకు కనిపెట్టారు. అయిదుగురినీ ప్రత్యర్థి భాగంలోకి దించి ముట్టడిస్తే, పాస్ ఇచ్చి బయటపడే దారి లేక వాళ్లు అక్కడే గిలగిలలాడేవాళ్లు. యుద్ధకాలం, మంచి ఆటగాళ్లు సైన్యంలో ఉన్నారు, ఆట ఒకవైపే ఇరుక్కుపోతోంది. న్యూయార్క్ రేంజర్స్ శిక్షకుడు ఫ్రాంక్ బూషే ఒక మధ్యేమార్గం చెప్పాడు. రింకు నడిమధ్యన ఇంకో గీత గీయండి, సొంత భాగం నుంచి అక్కడిదాకా పాస్ చేయనివ్వండి.

ఈ బూషే ఎవరో తెలిస్తే ఆ గీత మీద ప్రేమ పెరుగుతుంది. మర్యాదైన ఆటకు ఇచ్చే లేడీ బింగ్ ట్రోఫీని ఎనిమిదేళ్లలో ఏడుసార్లు గెలిచాడు. చివరికి ఆ ట్రోఫీనే అతనికి శాశ్వతంగా ఇచ్చేసి, కొత్తది చేయించుకున్నారు. పాస్ ఇవ్వడంలో అందెవేసిన చెయ్యి. పాస్ ఎక్కడ ఊపిరాడక చచ్చిపోతోందో అలాంటివాడికి తెలియక ఎవరికి తెలుస్తుంది? ఎన్‌హెచ్‌ఎల్ ఆధునిక యుగాన్ని ఆ గీత పడ్డ సీజన్ నుంచే లెక్కపెడతారు.

ఆ గీతను దగ్గరనుంచి చూడాలి. మంచు మొత్తం మందం అంగుళం అటూ ఇటూ. దాన్ని ఒకేసారి పోయరు, పలుచటి పొరలు పొరలుగా గడ్డకట్టిస్తారు. కింది పొరల మీద తెల్లరంగు పూస్తారు. మంచు తనంతట తాను తెల్లగా ఉండదు, కాంక్రీటు కనిపించే మసక గాజులా ఉంటుంది. ఆ తెలుపు మీద గీతలు వేసి, రంగు చెదరకుండా మళ్లీ పలుచగా నీళ్లు చల్లి గడ్డకట్టిస్తూ పైకి వస్తారు. అంటే ఆటగాడి స్కేటు గీతను తాకదు, గీత పైనున్న మంచును కోస్తుంది. ఎర్రగీత వెడల్పు అడుగు. అందులో నీలిగీతలకు లేని గుర్తులు వరసగా ఉండాలని నిబంధనే చెబుతుంది. నలుపు తెలుపు టీవీల్లో ఏది ఎర్ర, ఏది నీలం అని చూసేవాళ్లు తికమకపడకూడదని మొదలైన ఏర్పాటు అది. రంగుల టీవీలొచ్చి ఎన్నో దశాబ్దాలైనా ఆ గుర్తులు పోలేదు.

నీరు పారడానికి పెట్టిన తూమే, షట్టరు దించితే అడ్డుకట్ట అవుతుంది. ఎర్రగీతకు అదే జరిగింది. సొంత భాగం నుంచి గీతదాకా పాస్ చేయొచ్చు అన్న మాటకు, గీత దాటించి చేయకూడదు అన్న రెండో ముఖం ఉంది. యాభై ఏళ్లపాటు ఆ రెండో ముఖం ఎవరినీ పెద్దగా బాధించలేదు. 1981-82లో మ్యాచ్‌కు ఎనిమిది గోల్స్ పడ్డాయి. 1990ల్లో ఆ రెండో ముఖాన్ని ఆయుధంగా మలిచినవాడు న్యూజెర్సీ డెవిల్స్ శిక్షకుడు జాక్ లెమేర్. చిత్రమేమంటే, ఈయన ఆటగాడిగా మాంట్రియల్ తరఫున, లీగ్ విజేతకిచ్చే స్టాన్లీ కప్‌ను ఎనిమిదిసార్లు గెలిచిన జట్లలో ఉన్నాడు. వేగం రుచి ఎరిగినవాడు కాబట్టే దాన్ని ఎక్కడ ఆపాలో తెలిసింది.

ఆయన జట్టు పన్నిన వలను ట్రాప్ అంటారు. అప్పట్లో నీలిగీతల మధ్య దూరం 58 అడుగులు. సొంత భాగం నుంచి వచ్చే పాస్ ఎర్రగీత దాటకూడదు కాబట్టి, పాస్ అందుకోవడానికి ఉన్న జాగా నీలిగీత నుంచి ఎర్రగీత దాకా, 29 అడుగులే. మన లెక్కలో తొమ్మిది మీటర్ల లోపే. లెమేర్ ఒకణ్ణి ముందుకు పంపి, పక్ ఉన్నవాణ్ణి గోడవైపుకు మళ్లించేవాడు. మిగతా నలుగురూ ఆ తొమ్మిది మీటర్ల పట్టీని కాపలా కాసేవాళ్లు. వెనక ఎవరైనా తప్పించుకుపోతారేమో అన్న భయం లేదు, ఎర్రగీతే కాపలాదారు. 1995 ఫైనల్‌లో డెవిల్స్ ఈ వలతో డెట్రాయిట్ లాంటి మెరుపు జట్టును 4-0తో చుట్టేసింది. ట్రాప్‌ను తిట్టడం తేలిక. నేను తిట్టను. ఉన్న నిబంధనను అక్షరం అక్షరం చదివి, దాని లోపలి బలమంతా పిండుకున్న పని అది. అయితే ఇరవై ముప్పై జట్లు దాన్ని అనుకరించేసరికి ఆట గడ్డకట్టింది. 2003-04లో మ్యాచ్‌కు గోల్స్ అయిదుకు కాస్త పైన, అంతే.

తర్వాతి సీజన్ అసలు జరగలేదు. యజమానులకూ ఆటగాళ్లకూ జీతాల పేచీ వచ్చి, 2005 ఫిబ్రవరిలో మొత్తం సీజన్ రద్దయింది. కానీ ఆ ఖాళీలో ఒక మంచి పని జరిగింది. ఆటగాడు బ్రెండన్ షానహన్ 2004 డిసెంబరులో టొరంటోలో రెండు రోజుల సమావేశం పెట్టాడు. ఆటగాళ్లను, శిక్షకులను, రెఫరీలను, మేనేజర్లను, టీవీవాళ్లను ఒక గదిలో కూర్చోబెట్టి, ఆట ఎక్కడ బిగుసుకుపోయిందో చెప్పమన్నాడు. ఆ చర్చలోంచి వచ్చిన ఆలోచనల్లో చాలా భాగం 2005-06 నిబంధనల్లోకి ఎక్కింది.

పాస్ విషయంలో ఎర్రగీతను పక్కన పెట్టారు. అంతర్జాతీయ సమాఖ్య 1998లోనే చేసిన పని అది. నీలిగీతలను మధ్యకు జరిపి, వాటి మధ్య దూరాన్ని 50 అడుగులకు కుదించారు. పాస్ అందుకునే జాగా ఎర్రగీత దగ్గర ఆగకుండా అవతలి నీలిగీతదాకా, అంటే దాదాపు రెట్టింపుకు సాగింది. ఇప్పుడు ఆ నలుగురూ పట్టీలో నిలబడితే వాళ్ల వీపుల వెనక పాస్ పడుతుంది, వెనక్కి జరగక తప్పదు. గోల్‌లైన్ నుంచి నీలిగీత దాకా ఉండే దాడి భాగం 60 అడుగుల నుంచి 64 అయింది. నాలుగడుగులే కదా అనిపిస్తుంది. 85 అడుగుల వెడల్పుతో హెచ్చవేస్తే 340 చదరపు అడుగుల కొత్త నేల. మంచు పలక పెరగలేదు, గోడలు కదల్లేదు. గీతల్ని జరిపి నేల పుట్టించారు.

కానీ ఎర్రగీతను తీసేయడం కంటే పెద్ద మార్పు వేరే ఉంది, అదేమో కొత్త నిబంధన కూడా కాదు. స్టిక్ కొక్కెంతో అవతలివాణ్ణి లాగడాన్ని హుకింగ్ అంటారు. పుస్తకంలో అది ఎప్పటినుంచో నేరమే, రెండు నిమిషాల శిక్ష. రెఫరీలు చూసీచూడనట్టు ఊరుకునేవాళ్లు. 2005లో లీగ్ చెప్పింది ఒకటే మాట: ఉన్న నిబంధన ఉన్నట్టు అమలుచేయండి. ఒక లెక్క వేసి చూడండి. గంటకు 36 కిలోమీటర్ల వేగమంటే సెకనుకు పది మీటర్లు. ఆ వేగంలో ఉన్నవాణ్ణి కొక్కెం తగిలించి నిలేస్తే, అర సెకనులోనే అతను చేరాల్సిన చోటుకు అయిదు మీటర్లు వెనకబడతాడు. గార్ట్‌నర్‌కూ మెక్‌డేవిడ్‌కూ మధ్య ఉన్న 0.076 సెకను దీనిముందు ఎంత? ఎంత వేగగాణ్ణయినా మామూలువాణ్ణి చేసే ఆయుధం ఆ కొక్కెం. దాన్ని చేతుల్లోంచి లాగేసుకున్నారు.

మొదటి సీజన్‌లో శిక్షలు వరదలా వచ్చాయి. ఎప్పుడూ ఎవరో ఒకరు శిక్షపెట్టెలో ఉండడమే, ఆట నడిచేదెప్పుడని విసుక్కున్నవాళ్లున్నారు. లీగ్ పట్టు వదల్లేదు. ఏళ్లు గడిచేకొద్దీ శిక్షలు తగ్గాయి. రెఫరీలు మెత్తబడి కాదు, ఆటగాళ్ల చేతులు అలవాటు మార్చుకున్నాయి. ఆ మొదటి సీజన్‌లోనే అడుగుపెట్టిన 18 ఏళ్ల సిడ్నీ క్రాస్బీ 102 పాయింట్లు, అలెగ్జాండర్ ఒవెచ్కిన్ 52 గోల్స్‌తో 106 పాయింట్లు సాధించారు. మ్యాచ్‌కు గోల్స్ ఆరు దాటాయి.

నన్నడిగితే 2005 పనుల్లో అన్నిటికంటే సొగసైనది ఐసింగ్ నిబంధనలో చేసిన సవరణ. ఊపిరి సలపనప్పుడు డిఫెండర్ పక్‌ను తన సగం నుంచి ఏకంగా అవతలి గోల్‌లైన్ దాటేలా కొట్టేస్తాడు. అదే ఐసింగ్. ఈల మోగుతుంది, పక్ వెనక్కి వస్తుంది. పాత రోజుల్లో నష్టం అంతే. పైగా ఆ విరామంలో అలసినవాళ్లు బెంచీకి పోయి, తాజా అయిదుగురు దిగేవాళ్లు. నేరమే విశ్రాంతి అయిందన్నమాట. కొత్త నిబంధన ఒక్కటే చేర్చింది: ఐసింగ్ చేసిన జట్టు మనుషుల్ని మార్చకూడదు.

దీని లోతు తెలియాలంటే షిఫ్ట్ సంగతి తెలియాలి. ఈ ఆటలో ఎవరూ గంటసేపు ఆడరు. ముప్పావు నిమిషం ప్రాణం పెట్టి పరుగెత్తి, బెంచీ మీదికి దూకేస్తారు. నిమిషం దాటితే తొడలు మంటెత్తుతాయి, నడుం వంగిపోతుంది, స్టిక్‌ను మోకాళ్లకు అడ్డం పెట్టుకుని వాలిపోతారు. అలా వాలిపోయిన అయిదుగురు అక్కడే ఉండాలి, ఎదురుగా ఇప్పుడే దిగిన అయిదుగురు. ఆ నలభై సెకన్లు చూడటానికే మ్యాచ్ చూడొచ్చు. దెబ్బకు జట్లు ఊరికే పక్ విసిరేయడం తగ్గించి, ఒత్తిడిలోనూ పాస్ చేసి బయటపడటం నేర్చుకున్నాయి. శిక్ష వేయకుండా, పెట్టెలో కూర్చోబెట్టకుండా, కేవలం విశ్రాంతిని వెనక్కి తీసుకుని ఆట తీరు మార్చేశారు. శిక్షకులు ఇక్కడా సందు వెతికారు. ఐసింగ్ కాగానే టైమ్ఔట్ అడిగి ఊపిరి కొనుక్కునేవాళ్లు. 2017లో ఆ సందునూ మూశారు.

అన్నీ ఇంత చక్కగా కుదరలేదు. గోలు వెనక మంచు మీద ట్రపీజియం ఆకారం గీసి, గోల్‌లైన్ వెనక అది తప్ప మిగతా చోట్ల గోల్‌కీపర్ పక్‌ను ముట్టకూడదన్నారు. న్యూజెర్సీ గోల్‌కీపర్ మార్టిన్ బ్రొడ్యూర్ మూడో డిఫెండర్‌లా బయటికొచ్చి పక్‌ను చక్కబెట్టే నేర్పును కట్టడి చేయడానికని అందరూ అనుకున్నారు. ఉన్న ఒక విద్యను నేరం చేయడం నాకు నచ్చదు. పైగా గోల్‌కీపర్ తీయాల్సిన పక్ కోసం డిఫెండర్ గోడకేసి వీపు తిప్పి వెళ్లి దెబ్బలు తినాల్సి వచ్చింది. 2014లో ఆ ఆకారాన్ని కాస్త వెడల్పు చేశారు, తీసేయలేదు.

వేగానికి మూల్యం ఉంది. అది చెప్పకపోతే ఈ పనివాళ్లను సగమే చూపించినట్టు. పాత పద్ధతిలో ఐసింగ్ ఖాయం కావాలంటే డిఫెండర్ ముందుగా పక్‌ను ముట్టుకోవాలి. దాడిచేసేవాడు ముందు ముట్టుకుంటే ఆట సాగుతుంది. ఇద్దరూ పూర్తి వేగంతో గోడవైపు పందెం పెట్టేవాళ్లు. 2008 మార్చిలో అలాంటి పందెంలోనే మిన్నెసోటా డిఫెండర్ కర్టిస్ ఫాస్టర్ గోడకు కొట్టుకుని తొడ ఎముక విరగ్గొట్టుకున్నాడు. గీత దాటగానే ఈల వేసేస్తే సరిపోతుంది, చాలా దేశాల్లో అంతే. కానీ దాంతో పందెమే పోతుంది. 2013లో ఎన్‌హెచ్‌ఎల్ నడిమి దారి పట్టింది. పందెం గోడదాకా కాదు, దానికి ముందే ఉన్న, ఆగిన ఆటను మళ్లీ మొదలుపెట్టే ఫేస్‌ఆఫ్ చుక్కలదాకా. లైన్స్‌మన్ చెయ్యెత్తి పట్టుకుని, ఇద్దరిలో చుక్కల వరసకు ఎవరు ముందు చేరతారో ఆ క్షణంలో తేలుస్తాడు. డిఫెండర్ ముందైతే ఈల, ఇద్దరికీ వేగం తగ్గించుకోవడానికి కొన్ని గజాలు మిగులుతాయి. పరుగు పందెం అలాగే ఉంది, గోడ మాత్రం తప్పింది. వడ్రంగి బల్ల అంచును గుండ్రం చేసినంత చిన్న పని. అంత అవసరమైనదీ.

ఇంకో చిన్న పని 2020లో. 2015 నుంచి ఆఫ్‌సైడ్‌ను శిక్షకుడు సవాలు చేయొచ్చు. దాంతో నీలిగీత దగ్గర వెనక కాలు మంచుకు ఆనిందా, వెంట్రుకవాసి లేచిందా అని వీడియో ముందు నిమిషాలు గడిచిపోయేవి. గీతకు పైన గాలిలో ఉన్నా కాలు గీత మీద ఉన్నట్టే లెక్క అన్నారు. పరుగులో సహజంగా లేచే కాలుకు ఇక శిక్ష లేదు.

ఈ మార్పులన్నీ చివరికి మనుషుల ఒడ్డూ పొడుగుల్లో కనిపిస్తాయి. ఒకప్పుడు డిఫెండరంటే ఆరడుగులు దాటిన కొండ. 2024లో ఉత్తమ డిఫెండర్‌కిచ్చే నోరిస్ ట్రోఫీ గెలిచిన క్విన్ హ్యూస్ అయిదడుగుల పది అంగుళాలు. 2025లో ఉత్తమ కొత్త ఆటగాడైన డిఫెండర్ లేన్ హట్సన్ అంతకంటే అంగుళం తక్కువ. పట్టుకుని ఆపే పని పోయాక, తిరిగి పారిపోయే పనికి విలువొచ్చింది.

2015 నుంచి, ప్లేఆఫ్స్ తప్ప మిగతా మ్యాచ్‌ల్లో స్కోరు సమమైతే అదనపు అయిదు నిమిషాలు ముగ్గురికి ముగ్గురుగా ఆడుతున్నారు. మామూలు ఆటలో ఒక్కొక్కడి వాటాకు సుమారు 1,700 చదరపు అడుగుల మంచు వస్తుంది, ఇక్కడ 2,800 పైచిలుకు. మొదట్లో అది ఊపిరి బిగబట్టి చూసే పరుగుల పండుగ. తర్వాత శిక్షకులు ఎప్పటిలాగే దాన్నీ చదివేశారు. పక్ చేజారితే గోలే కాబట్టి, దాడి కుదరకపోతే వెనక్కి తిరిగి, నీలిగీత దాటి, ఎర్రగీత దాటి, సొంత భాగందాకా పక్‌ను తీసుకుపోయి, మనుషుల్ని మార్చుకుని, తీరిగ్గా మళ్లీ బయల్దేరుతున్నారు. జనరల్ మేనేజర్ల సమావేశాల్లో దీనికొక మందు చర్చకు వచ్చింది. అదనపు సమయంలో ముందుకు తెచ్చిన పక్‌ను మళ్లీ నడిగీత వెనక్కి తీసుకుపోకూడదని. 2005లో పాసుల లెక్కలోంచి తప్పించి ఐసింగ్‌కు మాత్రమే ఉంచిన బూషే ఎర్రగీతకు, ఈసారి వెనకడుగును ఆపే పని అప్పగిద్దామా అన్న ఆలోచన అది.